కార్బన్ నానోట్యూబులు: పుస్తకంలో గొట్టం వేరు, పొట్లంలో పొడి వేరు

జగిత్యాల నుంచి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ: "కార్బన్ నానోట్యూబులు ఉక్కు కంటే వంద రెట్లు బలం, రాగి కంటే బాగా కరెంటు మోస్తాయి, క్యాన్సర్‌కు మందవుతాయి అని చదివాను. మరి ముప్పై ఏళ్ళు దాటినా బయట ఎక్కడా కనపడవేం? మా గైడు ప్రాజెక్టు కోసం 5 గ్రాముల పొడి తెప్పించారు. ఎపాక్సీలో కలిపి బలం పెరిగిందని చూపిస్తే సరిపోతుందా? ముట్టుకుంటే ఏమైనా అవుతుందా?"

తమ్ముడూ, ముందు చివరి ప్రశ్నకే చెప్తాను. ఆ పొట్లం ఇంకా విప్పకపోతే విప్పకు. విప్పి ఉంటే గట్టిగా మూసి, ఇంకో జిప్ కవర్లో పెట్టి, ఫ్యాన్ గాలి తగలని బీరువాలో ఉంచు. ఎందుకో కింద రాశాను, అక్కడిదాకా చదివాకే దాని జోలికి వెళ్ళు.

నేను కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి పదహారేళ్ళుగా ప్లాస్టిక్ కాంపౌండింగ్ పనిలో ఉన్నాను. అంటే ప్లాస్టిక్ గింజల్లో రంగు, కార్బన్, గాజునార లాంటివి కలిపి, కరిగించి, మళ్ళీ గింజలుగా తీసే పని. అందులో తొమ్మిదేళ్ళు ఈ నానోట్యూబులతోనే గడిచాయి. మా ఇల్లు వరంగల్ కొత్తవాడలో, నాన్న మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. ఆ సంగతి ఇక్కడ ఎందుకు ఎత్తానంటే, ఈ గొట్టాల అసలు గుట్టు నాకు పుస్తకంలో కంటే పత్తిలోనే బాగా అర్థమైంది.

గొట్టం ఎలా ఉంటుందో నీకు తెలిసే ఉంటుంది, అయినా మిగతావాళ్ళ కోసం రెండు మాటలు. కోళ్ళ ఫారానికి కట్టే ఆరు మూలల జాలి ఊహించుకో. ఆ జాలిలో ప్రతి ముడి దగ్గర ఒక కార్బన్ పరమాణువు, మందం ఒక్క పరమాణువు. అది గ్రాఫీన్. దాన్ని చాప చుట్టినట్టు చుట్టి అంచులు అతికితే సింగిల్ వాల్ నానోట్యూబు, వ్యాసం 1 నానోమీటరు అటూఇటూ. తల వెంట్రుక అడ్డంగా 80 వేల నానోమీటర్లు ఉంటుంది. ఒకదాంట్లో ఒకటి దూరిన గొట్టాలైతే మల్టీ వాల్, పొరకూ పొరకూ మధ్య 0.34 నానోమీటర్లు. ఇక పొడవు, ఇది చాలామంది పట్టించుకోరు గానీ కథంతా ఇక్కడే ఉంది: గొట్టం 10 మైక్రాన్లు ఉన్నా, మందానికి పది వేల రెట్లు పొడవున్నట్టు. పెన్సిల్ మందానికి పెంచి చూస్తే 70 మీటర్లు సాగుతుంది.

జాలిని ఏ వాలులో చుట్టారన్నదాన్ని బట్టి స్వభావమే మారిపోతుంది. మీ సిలబస్‌లో ఆ వాలును చెప్పే ఎన్, ఎమ్ అని రెండు అంకెలు ఉంటాయి కదా, వాటి తేడా మూడుతో భాగిస్తే పోయేదైతే గొట్టం లోహంలా కరెంటు మోస్తుంది, లేకపోతే సెమీకండక్టరు. కాబట్టి మామూలుగా తయారైన సింగిల్ వాల్ పొడిలో సుమారు మూడో వంతు లోహం తరహా, మిగతాది సెమీకండక్టరు, రెండూ కలిసిపోయి ఉంటాయి. చిప్పులు చేసేవాళ్ళకు ఇదే తలనొప్పి. ఒక్క లోహపు గొట్టం దూరినా ఆ ట్రాన్సిస్టర్ ఆగదు, ఎప్పుడూ కరెంటు పోతూనే ఉంటుంది. 2013లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 178 ట్రాన్సిస్టర్లతో చిన్న కంప్యూటర్ చేశారు, 2019లో ఎంఐటీ వాళ్ళు 14 వేలకు పైగా ట్రాన్సిస్టర్లతో 16 బిట్ ప్రాసెసర్ నడిపించారు. నీ చేతిలో ఫోన్ చిప్పులో అవి వందల కోట్లు ఉంటాయి. దూరం ఎంతో నీకే అర్థమవుతుంది.

ఇప్పుడు వంద రెట్ల బలం సంగతి. అది అబద్ధం కాదు. 2000లో ఒక్కో మల్టీ వాల్ గొట్టాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద రెండు కొసలా పట్టుకుని లాగి చూశారు, బయటి పొర 11 నుంచి 63 గిగాపాస్కల్స్ మధ్య తెగింది. మీ ఇంటి స్లాబులో వేసే ఎఫ్‌ఈ 500 కడ్డీ చూసే ఉంటావు, ఆ 500 అంటే మెగాపాస్కల్స్, అంటే అర గిగాపాస్కల్ దగ్గర అది సాగడం మొదలుపెడుతుంది. పై అంకె 63ను దీంతో భాగించి చూస్తే ఆ వంద రెట్లు దాటుతుంది. బిగువు, అంటే యంగ్స్ మాడ్యులస్, సుమారు 1000 గిగాపాస్కల్స్, ఉక్కుది 200. సాంద్రత ఉక్కులో నాలుగో వంతు లోపే. వేడి మోయడంలో రాగి 400 దగ్గర ఉంటే విడి గొట్టం 3000 దాకా కొలిచారు, వాట్ పర్ మీటర్ కెల్విన్ లెక్కలో. అన్నీ నిజాలే. కానీ అన్నీ ఒక్క గొట్టానివి.

నీ పొట్లంలో ఉన్నది ఒక్క గొట్టం కాదు.

చిన్నప్పుడు ఏనుమాముల మార్కెట్లో పత్తి బోరాల మీద ఎక్కి ఆడేవాళ్ళం. ఆ పత్తిని గుప్పెడు తీసి లాగితే పిల్లవాడికైనా ఊడి వచ్చేస్తుంది. అదే పత్తి ఏకి, వడికి, పురి పెడితే జంపఖానా అంచు దారమై ఇద్దరు మనుషులు లాగినా తెగదు. పోగు మారలేదు. మారింది పోగులు ఒకదాన్నొకటి పట్టుకునే తీరు. నానోట్యూబుల మధ్య పట్టు చాలా తక్కువ, గోడలు నున్నగా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. కానీ విచిత్రంగా, విడదీద్దామంటే మాత్రం విడిపోవు. ఎందుకంటే పొడవంతా ఆనుకుని ఉంటాయి, ఆనుకున్న అణువుల మధ్య ఉండే వాన్ డెర్ వాల్స్ ఆకర్షణ ఎంత చిన్నదైనా అంత పొడవునా కలిస్తే పెద్దదే అవుతుంది. లాగితే జారుతుంది, విప్పితే విడదు.

మొదటిసారి నాకు ఇది ఎలా తెలిసిందో చెప్తాను. అప్పట్లో నేను పనిచేసిన చోట ఎపాక్సీలో, అంటే ఆరితే గట్టిపడే జిగురులో, 3 శాతం మల్టీ వాల్ పొడి వేసి కలపమన్నారు. మిక్సర్‌తో గంటసేపు తిప్పాను. నల్లగా, నిగనిగలాడుతూ, చూడ్డానికి ఎంత బాగుందో. అచ్చుల్లో పోసి, ఆరాక బెండింగ్ టెస్ట్ పెడితే పొడి వేయని మామూలు దిమ్మ కంటే ముందే ఠక్కున విరిగింది. మూడు దిమ్మలూ అంతే. విరిగిన ముఖాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే అంబలిలో పిండి ఉండలు కట్టినట్టు నల్లటి ఉండలు, ఒక్కోటి 50 మైక్రాన్లు, ఉండ లోపలికి జిగురే పోలేదు. అంటే నేను బలం కలపలేదు, దిమ్మ నిండా చిన్న చిన్న బొక్కలు కలిపాను. పగుళ్ళన్నీ ఆ ఉండల దగ్గరే మొదలయ్యాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్నతో చెబితే, ఏకని దూదితో దారం వస్తదా అన్నాడు.

అంతే తమ్ముడూ. ఈ రంగంలో నూటికి తొంభై వంతుల పని ఏకడమే. అల్ట్రాసౌండ్ సోనికేటర్, త్రీ రోల్ మిల్, సబ్బు లాంటి సర్ఫాక్టెంట్లు, గోడ మీద ఆమ్లంతో అతికించే రసాయన గుంపులు, అన్నీ దూది ఏకే విల్లు చేసే పనే చేస్తాయి. ఎక్కువ ఏకితే ఇంకో నష్టం: సోనికేటర్ గంటల కొద్దీ నడిపితే గొట్టాలు ముక్కలవుతాయి, మనకు కావలసిన పొడవే పోతుంది. గోడలకు రసాయనాలు ఎక్కువ అతికిస్తే జాలి చెడి కరెంటు మోసే గుణం తగ్గుతుంది.

అందుకే పరిశ్రమలో ఇవి బలం కోసం కంటే కరెంటు కోసమే ఎక్కువ అమ్ముడుపోతున్నాయి. బలానికి ప్రతి గొట్టం మీదా పట్టు కావాలి, కరెంటుకు గొట్టాలు అక్కడక్కడ ఒకదానికొకటి తగిలితే చాలు. మేం చేసే మాల్ అదే. కారులో పెట్రోలు పైపు ప్లాస్టిక్‌ది, లోపల ఇంధనం రాసుకుంటూ పోతుంటే స్టాటిక్ పుడుతుంది, నిప్పురవ్వ వస్తే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్‌కు కాస్త కరెంటు మోసే గుణం ఇవ్వడానికి మామూలు కార్బన్ బ్లాక్ 15, 20 శాతం వేయాల్సి వస్తుంది, అంత వేస్తే ప్లాస్టిక్ పెళుసు. నానోట్యూబులు పొడుగ్గా ఉండటం వల్ల 2, 3 శాతంతోనే దారి కలుస్తుంది, కొన్ని రెసిన్లలో ఇంకా తక్కువ. చిప్పులు పెట్టి పంపే నల్లటి ట్రేలలో కూడా ఇదే సూత్రం. మెషీన్ దగ్గర నిలబడి మీటర్ పెట్టి చూస్తే తమాషాగా ఉంటుంది. శాతం పెంచుతూ పోతే చాలాసేపు మీటర్ కదలదు, ఒక్క చోట దాటగానే రెసిస్టెన్స్ వేలు, లక్షల రెట్లు ఒక్కసారి పడిపోతుంది. దాన్నే పెర్కొలేషన్ అంటారు. పుస్తకంలో గ్రాఫ్‌గా చూసినదాన్ని ప్లాస్టిక్‌ను కరిగించి తోసే ఎక్స్‌ట్రూడర్ నుంచి వచ్చే వేడి తీగ మీద చూడటం వేరే అనుభవం.

ఇక "ఎక్కడా కనపడవేం" అన్నావు కదా, నీ దగ్గర ఈ మధ్య కొన్న ఎలక్ట్రిక్ స్కూటర్ ఉంటే అందులోనే ఉండొచ్చు. లిథియం బ్యాటరీలో కాథోడ్ పొడికి కరెంటు మోసే గుణం తక్కువ, రేణువుల మధ్య దారి వేయడానికి కార్బన్ బ్లాక్ వేస్తారు. అక్కడ ఒక శాతం లోపు నానోట్యూబుల పేస్టు వేస్తే సరిపోతుంది, మిగిలిన చోటు అసలు పదార్థానికి దక్కుతుంది. యానోడ్‌లో గ్రాఫైట్‌తో పాటు సిలికాన్ వేసేవాళ్ళకు ఇవి ఇంకా అవసరం. సిలికాన్ ఛార్జ్ అయినప్పుడు సుమారు మూడు రెట్లు ఉబ్బి, దిగినప్పుడు కుంగుతుంది, రేణువులు విడిపోతాయి, వలలా అల్లుకున్న గొట్టాలు వాటిని పట్టుకుని ఉంచుతాయి. ఈ రోజు ప్రపంచంలో టన్నుల లెక్కన నానోట్యూబులు పోతున్నది ముఖ్యంగా బ్యాటరీలకే. బయటికి కనపడవు, బువ్వలో ఉప్పులా ఉంటాయి.

దారం తీసేవాళ్ళు కూడా ఉన్నారు. రైస్ యూనివర్సిటీలో మాటియో పాస్‌క్వాలీ బృందం గొట్టాలను క్లోరోసల్ఫోనిక్ ఆమ్లంలో కరిగించి, సన్నటి రంధ్రాల గుండా నూలులా లాగుతారు. ఆ దారం బలం ఇప్పటికి నాలుగు గిగాపాస్కల్స్ దాటింది, కరెంటు మోయడంలో రాగిలో ఐదో వంతు దాకా వచ్చింది. విడి గొట్టం లెక్కతో చూస్తే తక్కువే, కానీ రాగి కంటే ఎన్నో రెట్లు తేలిక, పదే పదే వంచినా విరగదు. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, దీని సంగతి మళ్ళీ గుండె దగ్గర వస్తుంది. అంతరిక్షానికి లిఫ్ట్ వేస్తారట అని అడిగేవాళ్ళకు ఒక్కటే చెప్తాను: ఇప్పటివరకు పెంచిన అతి పొడవైన విడి గొట్టం అర మీటరు, 2013లో చైనా సింగ్‌హువా యూనివర్సిటీలో.

ఎవరు కనిపెట్టారని వైవాలో అడుగుతారు. 1991లో జపాన్ ఎన్‌ఈసీ కంపెనీలో సుమియో ఇజిమా రాసిన పేపర్‌తో లోకానికి తెలిసింది, కానీ 1952లోనే ఇద్దరు సోవియట్ శాస్త్రవేత్తలు, రదుష్కేవిచ్, లుక్యనోవిచ్, ఇలాంటి గొట్టాల ఫోటోలు అచ్చేశారు. రెండూ చెప్పు. ఇజిమాతో ఆ తొలి రోజుల్లో పనిచేసిన పుళిక్కల్ అజయన్ కేరళవాడు, బెనారస్‌లో చదివాడు. 2004లో బెనారస్ హిందూ యూనివర్సిటీ వాళ్ళతో కలిసి నీళ్ళలోంచి ఈ-కోలై బ్యాక్టీరియాను, పోలియో వైరస్‌ను వడకట్టే నానోట్యూబు ఫిల్టర్ చేసి చూపించింది కూడా ఆయన బృందమే.

మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పేరు కూడా ఇక్కడ చెప్పాలి. అక్కడి మూసల్లో కాచిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కెళ్ళేవాళ్ళని 19వ శతాబ్దం మొదట్లో వాయిసీ అనే ఆంగ్లేయుడు చూసి రాశాడు. ఇలాంటి మూస ఉక్కును వూట్జ్ అంటారు, ఆ మాటే మన దక్షిణాది 'ఉక్కు' అన్న మాట నుంచి పుట్టిందంటారు. 2006లో జర్మనీ డ్రెస్డెన్‌లో పీటర్ పౌఫ్లర్ బృందం వూట్జ్ ఉక్కుతో చేసిన 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కను ఆమ్లంలో కరిగించి చూస్తే కార్బన్ నానోట్యూబులు కనపడ్డాయని నేచర్ పత్రికలో రాశారు. ఆ కత్తి కోనసముద్రం ఉక్కుదని ఎవరూ తేల్చలేదు, మన కమ్మరులు తెలిసి గొట్టాలు చేశారనీ కాదు. కానీ ఇనుము, వేడి, చెట్టు ఆకుల నుంచి వచ్చే కార్బన్, ఇవి మూడూ ఒకే మూసలో ఉన్నాయి. ఇవాళ రియాక్టర్‌లో చేసేది కూడా అదే తరహా: ఇనుము, కోబాల్ట్, నికెల్ నానో రేణువుల మీద 700, 800 డిగ్రీల వేడిలో హైడ్రోకార్బన్ వాయువు పంపితే, కార్బన్ రేణువులో కరిగి గొట్టంగా బయటికి పెరుగుతుంది. నగోయాలో ముకుల్ కుమార్, యోషినోరి అండో మనం హారతికి వాడే కర్పూరంతోనే ఇలా గొట్టాలు పెంచారు. అలాగని హారతి పళ్ళెం మసిలో నానోట్యూబులు వెతక్కు, లోహపు రేణువు లేనిదే అది వట్టి మసే.

వైద్యం సంగతి. ఇది జాగ్రత్తగా చదువు, ఎందుకంటే ఇంట్లో క్యాన్సర్ పేషెంట్ ఉన్నవాళ్ళు కూడా ఈ జవాబు చదువుతారు.

గొట్టం గోడ మీద డాక్సోరూబిసిన్ లాంటి క్యాన్సర్ మందు అణువులు రసాయన బంధం లేకుండానే అతుక్కుంటాయి, ఎందుకంటే రెండింటిలోనూ చదునైన కార్బన్ వలయాలున్నాయి. ఒక గొట్టం మోసే మందు చాలా ఎక్కువ. 2008లో స్టాన్‌ఫర్డ్‌లో హోంగ్‌జీ డాయ్ బృందం పీఈజీ అనే పాలిమర్ పూత పెట్టిన సింగిల్ వాల్ గొట్టాలకు పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు కట్టి ఎలుకలకు ఎక్కిస్తే, ఉత్త మందు ఇచ్చినప్పటి కంటే కణితి పెరగడం బాగా తగ్గింది. ఇంకో దారి వేడి: 800 నానోమీటర్ల దగ్గరి పరారుణ కాంతి మన కండలోంచి కొంత లోతుకు పోతుంది, గొట్టం దాన్ని పీల్చి వేడెక్కి చుట్టూ ఉన్న కణాల్ని చంపుతుంది. కానీ ఆ కాంతి పోయేది కొన్ని సెంటీమీటర్లే, కడుపులో లోతుగా ఉన్న గడ్డకు చేరడం కష్టం. పైగా ఎక్కించిన గొట్టాల్లో పెద్ద భాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి, ఎన్నాళ్ళుంటాయన్నది పూత మీద, పొడవు మీద ఆధారపడి ఉంటుంది. కాబట్టి ఇవాళ వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోగానీ, హైదరాబాద్ పెద్దాసుపత్రుల్లోగానీ నానోట్యూబులతో క్యాన్సర్ చికిత్స లేదు. ఎవరైనా ఉందని డబ్బులడిగితే ఇవ్వొద్దు. డాక్టర్ రాసిన కీమో ఒక్క డోసు కూడా దీని కోసం ఆపొద్దు.

మందు కంటే ముందు ఆసుపత్రిలోకి వచ్చింది ఎక్స్‌రే మెషీన్. పాత ట్యూబులో తీగను ఎర్రగా కాల్చి ఎలక్ట్రాన్లు తీస్తారు. నానోట్యూబు కొన చాలా సన్నన కాబట్టి అక్కడ విద్యుత్ క్షేత్రం బాగా పెరిగి, కాల్చకుండానే ఎలక్ట్రాన్లు దూకుతాయి. ట్యూబు చిన్నదవుతుంది, తేలికవుతుంది, క్షణంలో ఆన్ ఆఫ్ అవుతుంది. బెడ్ దగ్గరికి తోసుకెళ్ళే మెషీన్లలో ఇది వచ్చేసింది. సెన్సర్ల మీద నాకు నమ్మకం ఎక్కువ. సింగిల్ వాల్ గొట్టంలో ప్రతి పరమాణువూ పైకే ఉంటుంది, కాబట్టి ఏదైనా వచ్చి అతుక్కుంటే కరెంటు మారుతుంది. 2000లోనే అమ్మోనియా, నైట్రోజన్ డయాక్సైడ్‌లను ఇలా పట్టుకున్నారు.

గుండె సంగతి చెప్తానన్నాను. గుండెపోటు తర్వాత కండరంలో మచ్చ పడ్డచోట కరెంటు పారదు, కొట్టుకునే లయ తప్పుతుంది. రైస్ వాళ్ళ నానోట్యూబు దారాన్ని టెక్సాస్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్ డాక్టర్లు గొర్రెల గుండెలో ఆ మచ్చకు ఇటూఅటూ కుట్టి చూస్తే కరెంటు మళ్ళీ దాటింది, 2019లో ఈ ఫలితాలు వచ్చాయి. మనుషుల దాకా రావడానికి ఇంకా పని ఉంది. నూలు వడికినట్టు తీసిన దారం గుండెలో కుట్టుగా పనికొస్తే, మా నాన్నకు చూపించాలని ఎంత ఉండేదో.

ఇప్పుడు నీ పొట్లం. సన్నగా, పొడుగ్గా, గట్టిగా ఉండి, ఒంట్లో కరగని నార మనకు కొత్త కాదు. ఆస్బెస్టాస్ అలాంటిదే, మన ఊళ్ళలో ఇళ్ళ మీద ఇంకా ఆ సిమెంటు రేకులున్నాయి. ఊపిరితిత్తిలో దుమ్మును మింగి శుభ్రం చేసే మాక్రోఫేజ్ అనే కణం ఉంటుంది, నార దానికంటే పొడుగైతే, 15, 20 మైక్రాన్లు దాటితే, పూర్తిగా మింగలేక అక్కడే వాపు పుట్టిస్తుంది. 2008లో ఎడిన్‌బరో శాస్త్రవేత్తలు పొడవైన మల్టీ వాల్ గొట్టాలను ఎలుకల పొట్ట పొరలోకి ఎక్కిస్తే ఆస్బెస్టాస్ లాంటి ప్రభావమే కనపడింది, పొట్టివీ చిక్కుపడ్డవీ అలా చేయలేదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ, ఎండబ్ల్యూసీఎన్‌టీ-7 అనే ఒక రకాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశమున్న 2బీ జాబితాలో పెట్టింది, మిగతావాటి మీద తేల్చడానికి ఆధారాలు చాలవంది. అమెరికాలో పనిచోటు భద్రత చూసే నియోష్ సంస్థ సిఫార్సు చేసిన హద్దు గాలిలో ఘనమీటరుకు 1 మైక్రోగ్రాము, ఎనిమిది గంటల సగటు. నీ 5 గ్రాములు అంటే 50 లక్షల మైక్రోగ్రాములు. పొట్లం ఫ్యాన్ కింద తెరిస్తే నల్లటి ఆవిరిలా లేస్తుంది, నేను చూశాను, బెంచీ మీద గుడ్డతో ఎంత తుడిచినా మర్నాడు తెల్ల కాగితం మీద మచ్చ పడింది.

అందుకని పొడి జోలికే వెళ్ళకుండా, మీ గైడుతో మాట్లాడి నీళ్ళలో ముందే విడదీసి అమ్మే ద్రావణం తెప్పించుకో. తప్పదంటే ఫ్యూమ్ హుడ్‌లోనే తూచు, ఎన్95కు తక్కువ కాని మాస్కు, రెండు జతల గ్లవ్స్, చీపురు వాడొద్దు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను కూడా డబుల్ కవర్లో కట్టి పేరు రాసి ల్యాబ్ వ్యర్థాలకివ్వు. తడిలో, ప్లాస్టిక్‌లో బంధించి ఉన్నప్పుడు అంత భయం లేదు. కోసినప్పుడు, గీకినప్పుడు మళ్ళీ దుమ్మే.

ఎపాక్సీ ప్రాజెక్టు వద్దు. నా దిమ్మల గతే పడుతుంది, లేదా ఒకటీ అరా దిమ్మకు బలం పెరిగిందని రాసి పాసవుతావు, నీకేమీ తెలియదు. దానికి బదులు పత్తి దారం తీసుకో. 2008లో మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు మామూలు నూలును నానోట్యూబు ద్రావణంలో ముంచి ఆరబెట్టి, దానిగుండా ఎల్ఈడీ వెలిగించారు, రక్తంలోని ఆల్బుమిన్‌ను కూడా పట్టుకున్నారు. పత్తి పోగు నీటిని పీల్చుకుంటూ గొట్టాల్ని తనలోకి లాక్కుంటుంది, కొత్తవాడ నూలైనా సిరిసిల్ల నూలైనా అదే గుణం. పది సెంటీమీటర్ల దారం ముక్కలు ఇరవై కొయ్యి. గంజి పోయేలా ఉడకబెట్టి ఆరబెట్టు. ఒకసారి ముంచినవి, రెండుసార్లు, ఐదుసార్లు, పదిసార్లు, అలా వేరు చేసి, ప్రతి మునక తర్వాత ఆరబెట్టి మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ రాసుకో. సబ్బు లాంటి సర్ఫాక్టెంట్ మిగిలిపోతే అది గొట్టాల మధ్య అడ్డు పడుతుంది, కాబట్టి కడిగిన ముక్కలు, కడగనివి విడిగా కొలువు. వంచి, ముడేసి, మళ్ళీ కొలువు. రామన్ స్పెక్ట్రమ్, అంటే లేజర్ కాంతి వేసి బంధాల కంపనాలు చూసే పరీక్ష, ఒక్కటి తీయించగలిగితే 1590 దగ్గర జీ శిఖరం, 1350 దగ్గర డీ శిఖరం చూడు. జీతో పోలిస్తే డీ ఎంత పెద్దగా ఉంటే గోడలు అంత దెబ్బతిన్నట్టు. అమ్మినవాడు చెప్పిన నాణ్యత నిజమో కాదో అక్కడే తెలిసిపోతుంది.

మొదటి మునక రీడింగ్ మెగా ఓమ్‌లలో వస్తే టెన్షన్ పడకు, మూడో మునకకు పడుతుంది. అప్పటికీ పడకపోతే ద్రావణాన్ని గాజు పలక మీద చుక్క వేసి మైక్రోస్కోపులో చూసి, ఉండలున్నాయేమో ఫోటో ఇక్కడే పెట్టు.